నిఘంటువులో లేని మాట

“నేను రాయలేదు,” అంది కోడలు, మూడోసారో నాలుగోసారో.

టేపు చరచరా సాగింది. ఆవిడ మొగుడు పుస్తకాలాయన ఉలకలేదు, పలకలేదు. అట్టపెట్టె మూత మీద టేపు అంటించి, పంటితో తెంపి, ఇంకో పెట్టె ముందుకు లాక్కున్నాడు.

“చెవులు కూడా మూసేసుకున్నారా? ఆ నవల నేను రాయలేదండీ! నాకు రాయడమే వస్తే ముందు రాజీనామా రాసేదాన్ని.”

ఏ ఉద్యోగానికి రాజీనామానో ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. పగలంతా ల్యాబులో కూర్చుని జనం చేతుల్లోంచి రక్తం తీసే మనిషి ఆవిడ. ఎంతమంది గుచ్చినా నరం దొరకని చెయ్యి కూడా ఆవిడకి లొంగుతుంది. మొగుడి నోట్లోంచి మాట తీయడం మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ వల్ల కాలేదు.

ఇంటి ముందుగదే షాపు. మూడు గోడలకీ పైదాకా అరలు, వీధివైపు ఒక పెద్ద అద్దాల కిటికీ. ఆ అరల్లో పెద్ద కంపెనీల పుస్తకం వెతికినా కనబడదు. భోజనాల బల్ల మీద ఎడిటింగ్ చేసుకుని, అచ్చయిన కట్టలు మంచం కింద దాచుకునే చిన్న చిన్న ప్రచురణ సంస్థల పుస్తకాలే అన్నీ. వాటిలోంచి నెలకో కొత్త రచయితను ఏరి చందాదారులకి పంపడం పుస్తకాలాయన పని. ఏరేటప్పుడు పేరు చూడడు. రాతప్రతి మీద పేరుంటే కాగితం ముక్క అంటించి ఇమ్మని ప్రచురణకర్తలకి ముందే చెబుతాడు.

“నేను పేరు చూడను, పేజీ చూస్తాను,” అని వచ్చినవాళ్ళందరితో గొప్పగా అంటాడు. ఆ గొప్పే ఇప్పుడు కొంప ముంచింది.

ఈ నెల ఆయన ఏరింది ఆకుపచ్చ అట్ట నవల. రచయిత పేరుండాల్సిన చోట ‘కొత్తావిడ’ అని ఉంటుంది. చదివి ఊగిపోయాడు. కిటికీ నిండా అదే పేర్చాడు. ఎల్లుండి ఆదివారం చందాదారులందరినీ పిలిచి, దాని గురించి గంటసేపు మాట్లాడతానని చాటింపు వేశాడు. నిన్న పొద్దున్న ఫోన్ మోగేదాకా ఆ హుషారు తగ్గలేదు.

ఫోన్ చేసినాయన పాత చందాదారు, రిటైరైన లెక్కల మాస్టారు.

“పుస్తకం బ్రహ్మాండం సార్. ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మౌంతం అంటే ఏంటండీ? నిఘంటువులన్నీ తిరగేశాను, లేదు. మౌనానికి అంతం అనా?”

“అబ్బే, అంతం కాదండీ! కోపమొచ్చి మనిషి మాట్లాడ్డం మానేస్తాడు చూడండి, దాన్ని మౌంతం పట్టడం అంటాం. మా ఇంట్లో...”

‘మా ఇంట్లో’ దగ్గర పుస్తకాలాయన ఆగిపోయాడు. అక్కడ ఆగిన మనిషి ఇంతవరకూ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఫోన్ పెట్టేసి, కిటికీలోని పుస్తకాలు ఒక్కొక్కటే దింపి, పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు.

ఆ మాట వేరే ఏ ఇంట్లోనూ లేదు. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ ఆరా తియ్యలేదు గానీ, ఈ ఇంట్లో అది ఉప్పూ నీళ్ళూ లాంటి మాట. కాపురానికొచ్చిన కొత్తలో కోడలికి కూడా “వాడు మౌంతం పట్టాడు, నువ్వు పట్టించుకోకు” అనే చెప్పారు. అది అందరి మాటే అనుకుని, ల్యాబులో “మా సూపర్‌వైజరు మౌంతం పట్టాడు” అని అని, నలుగురిలో నవ్వులపాలైంది. ఇప్పుడా మాట నవలలో అధ్యాయానికో చోట తాపీగా కూర్చుని ఉంది. అంటే రాసింది ఇంటి మనిషి. అంటే అందులోని మొగుడు ఈయన. అంటే రాసింది పెళ్ళాం. పుస్తకాలాయన లెక్క అంత సూటిగా తేలిపోయింది.

“సరే, మాట్లాడకండి. నేనే చదువుతాను,” అంటూ కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళింది. పుస్తకాలు దింపేశాడు గానీ, వాటి మీద తన చేత్తో రాసి వేలాడదీసిన అట్టముక్క తీయడం మర్చిపోయాడు. ఆవిడ దాన్ని లాగి గట్టిగా చదివింది.

“‘చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా ఒక మనిషి ఇంకో మనిషిని ఎలా చంపుతాడో ఈ నవల చూపిస్తుంది. ఇలాంటి మగవాణ్ణి ఇంతవరకూ ఎవరూ బోనెక్కించలేదు.’ బాగుందండీ! ఎవరి చేతిరాత ఇది? నాదా?”

టేపు మళ్ళీ చరచరా సాగింది.

ఇంతలో మేడ మీద గదిలోంచి ఆయన చెల్లెలు దిగొచ్చింది. ప్రూఫులు దిద్దడం ఆవిడ వృత్తి. ఇంట్లో, ప్రెస్సుల్లో అందరూ ఆవిడని అచ్చుతప్పు అనే పిలుస్తారు. చెవి మీద పెన్సిలు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు.

“ఏంటి వదినా, గొంతు మేడ మీదకి వినబడుతోంది?”

“వినబడనీ. రెండు గొంతులు మోగాల్సిన చోట ఒక్కటే మోగుతుంటే అలాగే ఉంటుంది. రా, నువ్వే చెప్పు. ఈ పుస్తకానికి ప్రూఫులు చూసింది నువ్వేనా కాదా?”

“నేనే.”

“హోటల్లో మెనూ కార్డు మీద దీర్ఘం తప్పితే వెయిటర్ దగ్గర పెన్ను లాక్కుని దిద్దే మనిషివి. మౌంతం అన్న మాట నీ కంటికి ఆనలేదా?”

“ఆనింది.”

“మరి దిద్దవేం?”

“తప్పయితే కదా వదినా దిద్దడానికి? మౌంతం మాటేగా...” అని, అచ్చుతప్పు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. చెయ్యి దానంతటదే చెవి దగ్గరున్న పెన్సిలు మీదకి పోయింది. “అయ్యో రామా! అది మాట కాదు కదూ!”

“ఇప్పటికి వెలిగిందా!”

“నాకు పుట్టినప్పటి నుంచీ అది మాటే. నీళ్ళు అన్న మాట కనిపిస్తే నిఘంటువు చూస్తామా? అన్నయ్యా, నువ్వు మాత్రం? రెండుసార్లు చదివావు కదా! ఎక్కడా కంటికి తగల్లేదా నీకు?”

అన్నయ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

“ఇదుగో ఇదే,” అని కోడలు చెయ్యి చాపి చూపించింది. “ఇదే మౌంతం అంటే. మాస్టారు నిఘంటువులు తిరగెయ్యడం ఎందుకు, ఇక్కడికొచ్చి ఒక్కసారి చూసిపోతే సరిపోయేది.”

లోపలి గుమ్మం దగ్గర పేము కుర్చీలో అత్తగారు బఠాణీలు వలుస్తోంది. ఇంటి గొడవల్లో పెద్దావిడ తలదూర్చదు. ఏ పుస్తకమైనా షాపులోకి వచ్చిన వారంలో చదివేస్తుంది, ఎలా ఉందని అడిగితే “అట్ట బాగుంది” అంటుంది. అంతకుమించి ఆవిడ అభిప్రాయం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

“నా మీద పడ్డ నింద ఒకెత్తు,” అంటూ కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. “నిన్న సాయంత్రం ఆ నవల మొత్తం చదివాను. నా ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని రాక్షసుణ్ణి చేస్తే చేశారు, నన్నెందుకు దద్దమ్మని చెయ్యడం? ఆ ఆడది టీ కప్పు పట్టుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. ఆయన తల ఎత్తడు. టీ చల్లారిపోతుంది. వెనక్కెళ్ళి వేడి చేసుకుని మళ్ళీ వచ్చి నిలబడుతుంది! నేనెప్పుడైనా అలా వేడి చేశానా?”

“లేదు వదినా. నువ్వు సింకులో పోసేస్తావు.”

“మరి! ఇంత నోరున్నదాన్ని పట్టుకుని, నోట్లో నాలుక లేనిదాన్ని చేసి రాస్తారా? దద్దమ్మ కాకపోతే ఏంటి, ఎవరైనా అన్నేళ్ళు...”

“అంత దద్దమ్మ కాదులే,” అంది పెద్దావిడ.

“మీకు తెలీదు అత్తయ్యా, చదివితే మీకే చిరాకేస్తుంది.”

పెద్దావిడ చేతిలో బఠాణీ కాయ ఒక క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత మళ్ళీ వలవడం మొదలుపెట్టింది.

కోడలు ఆడపడుచు వైపు తిరిగింది. “నిజం చెప్పు. నువ్వేనా?”

“నేనా! నేను నవల రాస్తే మొదటి పేజీ దాటతానా? దాన్నే దిద్దుకుంటూ ముసలిదాన్నైపోతాను.”

అది నిజమే అనిపించింది కోడలికి. ఆ మాట అనేలోగా బయట స్కూటర్ ఆగింది.

వచ్చినావిడ నవల వేసిన ప్రెస్సావిడ. తీసిన హెల్మెట్ చంకలో పెట్టుకుని, గుమ్మంలోనే నిలబడి ఖాళీ కిటికీ చూసింది, పెట్టెలు చూసింది, టేపు చూసింది.

“ఏంటి సార్ ఇది? నిన్నటి నుంచి ఫోన్ ఎత్తరు. మెసేజికి జవాబివ్వరు. నా పుస్తకాలు ఎందుకు పెట్టెల్లో ఉన్నాయి?”

పుస్తకాలాయన మూసిన పెట్టెని కాలితో ఆవిడ వైపు మెల్లగా జరిపాడు. జవాబు అదే.

“తీసుకుపొమ్మనా?” ప్రెస్సావిడ ముఖం ఎర్రబడింది. “సార్, మా సంస్థ ఎంతో మీకు తెలుసు. నేను, మా ఆయన, మా ఆయన నడుంనొప్పి. అంతే. పెద్ద షాపులు మా పుస్తకాన్ని గుమ్మం తొక్కనివ్వవు. పత్రికల వాళ్ళు కవరు కూడా చింపరు. కొత్తవాళ్ళ పుస్తకం నలుగురి చేతుల్లో పడాలంటే మీ కిటికీ ఒక్కటే దారి. ఇక్కణ్ణించి వెనక్కెళ్ళిన పుస్తకాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటారా? ‘ఆయనే దింపేశాడట’ అంటారు. ఆ రచయిత ఇంక జన్మలో పెన్ను పట్టదు. నచ్చలేదంటే చెప్పండి, మోసుకుపోతాను.”

“నచ్చకపోవడమేంటండీ, చూడండి,” అని కోడలు అట్టముక్క ఆవిడ చేతిలో పెట్టింది.

ప్రెస్సావిడ చదివింది. ఇంకోసారి చదివింది. “ఇంత బాగా రాసి దింపేస్తారా! మీకు మతి ఉందా సార్?”

“మతి ఉంది, మాటే లేదు,” అంది కోడలు. “అందులోని మొగుడు తనే అని ఆయన బాధ. రాసింది నేనని అనుమానం. రాసిందెవరో మీరు చెప్పెయ్యండి, పీడ వదిలిపోతుంది.”

“చెప్పనండీ. మాటిచ్చాను.”

“మా ఇంటి మనిషేనా?”

ప్రెస్సావిడ హెల్మెట్ పట్టీ సర్దుకుంది.

“మీరూ పట్టారా మౌంతం?”

“నన్ను ఇరికించకండి. ఆ మాట అర్థం కాక నేనూ రచయితని అడిగాను. ‘ప్రూఫులు చూసేవాళ్ళు తప్పంటే తీసేద్దాం’ అన్నారు. ఈవిడ తప్పనలేదు.”

“తప్పు కాదు కాబట్టి!” అంది అచ్చుతప్పు. ఆవిడకి ఇంకా అదొక్కటే బాధగా ఉంది.

“తీసుకెళ్ళండి.”

అందరూ తిరిగి చూశారు. పుస్తకాలాయన నోరు తెరిచాడు. నిన్నటి నుంచి వాడని గొంతు కదా, సగం గాలే వచ్చింది.

“హమ్మయ్య!” అంది కోడలు. “నోరు విప్పి మొదట అన్న మాట ఇదన్నమాట!”

“ఇంకేమనమంటావ్? నన్ను బోనులో నిలబెట్టిన పుస్తకాన్ని నేనే నెత్తిన పెట్టుకుని ఊరేగాలా? ఎల్లుండి అందరి ముందు నిలబడి ‘చూడండయ్యా, వీడెంత దుర్మార్గుడో’ అని చెప్పనా? వాళ్ళందరికీ తెలిసిపోదూ?”

“తెలీకుండా ఉంటే దుర్మార్గం కాకుండా పోతుందా? చదివినప్పుడు ఊగిపోయారు కదా! భోజనాల దగ్గర మాకు పేజీలకి పేజీలు చదివి వినిపించారు కదా! అప్పుడు వాడు ఎవడో పరాయివాడు. ఇప్పుడు మీరని తేలగానే పుస్తకం చెడ్డదైపోయిందా? పేరు చూడను, పేజీ చూస్తాను అంటారే. మరి ఇప్పుడేం చూస్తున్నారు?”

అంతటితో పుస్తకాలాయన నోరు మళ్ళీ మూతపడింది. పెట్టె ఎత్తి ప్రెస్సావిడ చేతుల్లో పెట్టబోయాడు. ఆవిడ పుచ్చుకోలేదు. ఇద్దరి మధ్యా పెట్టె గాల్లో ఉంది.

“అది కింద పెట్టి విప్పరా,” అంది పెద్దావిడ.

“నువ్వూరుకో అమ్మా. నీకు తెలీదు ఇదంతా.”

“రాసింది నేనైతే నాకు తెలీకపోవడమేంటి?”

బఠాణీల గిన్నె పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది. ముందు తేరుకున్నది ప్రెస్సావిడ.

“అమ్మగారూ! మీరే కదా చెప్పొద్దన్నారు! నేను నాలుక కరుచుకుని కూర్చుంటే...”

“చెప్పే పని లేదనుకున్నానమ్మా. నా పుస్తకాన్ని ఎత్తి బయట పెడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?” ఆవిడ గొంతులో కోపం ఉంది. ఆ గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

“అయితే ఆ కంటి డాక్టరు...” అంది అచ్చుతప్పు. “గురువారం గురువారం ఆటో ఎక్కి వెళ్ళేదానివి కదా?”

“నా కళ్ళకేం, శుభ్రంగా ఉన్నాయి. వీళ్ళింటికే వెళ్ళేదాన్ని. ఈవిడ వాళ్ళాయనే టైపు చేసిపెట్టాడు, పాపం, ఆ నడుంనొప్పితో.”

“అయ్యో, అయితే నీ పుస్తకాన్నా నేను దిద్దింది! నీ కామాలన్నీ పీకేశానే!”

“చూశాను. కావలసినవి మళ్ళీ పెట్టించుకున్నాను.”

వేరే రోజైతే అచ్చుతప్పు ఆ కామాల మీద గంట వాదించేది. కోడలికి మాత్రం వేరే సంగతి తగిలింది. “అత్తయ్యా, నేను ఇందాకటి నుంచి దద్దమ్మ, దద్దమ్మ అని...”

“అన్నావు. నేనూ అనుకునేదాన్ని అప్పుడప్పుడూ.”

పుస్తకాలాయన పెట్టె కింద పెట్టాడు. “కన్నకొడుకుని నేను, నా గురించి ఊరందరికీ అలా రాయడానికి నీకు చేతులెలా వచ్చాయమ్మా?”

“నీ గురించి కాదురా. మీ నాన్న గురించి.”

“నాన్నా?”

తండ్రి పోయేనాటికి పుస్తకాలాయనకి పదేళ్ళు, చెల్లెలు చంటిది. ఆ ఇంట్లో నాన్న అంటే ఒకటే మాట. చుట్టాలు, పక్కింటివాళ్ళు, చివరికి కోడలు కూడా అప్పజెప్పగలిగిన మాట. దాన్నే పుస్తకాలాయన ఇప్పుడూ అన్నాడు. “నాన్న దేవుడమ్మా. నిన్ను ఒక్కనాడు గట్టిగా ఒక మాట అన్నాడా?”

“అనలేదు. గట్టి మాటా అనలేదు, మెత్తని మాటా అనలేదు. చిన్నపిల్లలు, మీకు మొదటిదొకటే గుర్తుండిపోయింది. తండ్రి లేని పిల్లలు, ఆ మంచిమాటైనా ఉండనీ అని నేనూ నోరు మెదపలేదు. వారాలు వారాలు కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఏం తప్పు చేశానో చెప్పేవాడు కాదు. నేను చేసినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుని, ఇదేమో, అదేమో అని వెతుక్కునేదాన్ని. టీ వేడి చేసుకుని తెచ్చింది నేనే.”

“అమ్మా...”

“ఆ మాట ఎవరిదని కదా నిన్నటి నుంచి గొడవ? నీది. నీకప్పుడు మూడేళ్ళు. మీ నాన్న మళ్ళీ మౌనవ్రతం పట్టాడని నేను విసుక్కుంటుంటే విన్నావు. నీకు నోరు తిరగలేదు. వెళ్ళి ఆయన మోకాళ్ళు పట్టుకుని, ‘మౌంతం వద్దు నాన్నా, మౌంతం వద్దు’ అని వెక్కివెక్కి ఏడ్చావు. ఆయన పేపరు తిప్పాడు.”

పుస్తకాలాయన అట్టపెట్టె మీద కూలబడ్డాడు. అది ఆయన బరువుకి ఒక మూల నొక్కుకుపోయింది. లోపల పుస్తకాలున్నాయని ప్రెస్సావిడ కూడా గుర్తుచేయలేదు.

“నాకు గుర్తులేదు,” అన్నాడు.

“ఎలా ఉంటుంది? చిన్నవాడివి. నాకుంది. రాస్తున్నంతసేపూ ఆయన్నే రాస్తున్నాననుకున్నాను. సగం అయ్యాక వెనక్కి తిప్పి చదువుకుంటే ఆ కుర్చీలో నువ్వున్నావు. అప్పుడు చాలా ఏడ్చాను. చింపేద్దామనుకున్నాను కూడా. ఎవరికీ నా పేరు చెప్పొద్దని ఈవిడతో అనడానికి కారణం అదే. పరాయిదనుకుంటేనైనా చదువుతావని. చదివావు. మంచి చెడ్డా అంత బాగా తెలుసుకుని ఆ అట్టముక్క రాశావు. ఆదివారం మాట్లాడతావో మానుకుంటావో నీ ఇష్టం.”

ప్రెస్సావిడ ఇంకో స్టూలు అంచున కూర్చుంది. అచ్చుతప్పు పెన్సిలు చేతిలో పట్టుకుని, దాన్నే చూస్తూ ఉంది.

పుస్తకాలాయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ పోతుందేమో అనుకున్న గొంతు, వచ్చింది.

“చివరి అధ్యాయంలో ఆవిడ వెళ్ళిపోతుంది కదమ్మా. ఆయన పేపరు చదువుకుంటుంటే తలుపు దగ్గరగా వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. నువ్వు వెళ్ళలేదుగా?”

“ఎక్కడికెళ్తానురా, ఇద్దర్ని చంకనేసుకుని?”

“మరి అదెందుకు రాశావు?”

పెద్దావిడ కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది.

“ఆ ఒక్క అధ్యాయం నాది కాదు. అది నీ పెళ్ళాం కోసం రాశాను.”

పుస్తకాలాయన తల తిప్పి భార్య వైపు చూశాడు.

“వెళ్ళిపోతావా?” అని అడిగాడు.

కోడలు జవాబు చెప్పలేదు.